మలుపులో ఇరుక్కున్న పోస్టాఫీసు

కిందటి వారం రాగ్నా సోల్లిని నడిరోడ్డు మీద వదిలేసి వచ్చాం. ఆమెతోపాటు ఆమె ఇల్లు, ఇంట్లో మండుతున్న పొయ్యి, పొయ్యి మీద కాఫీ, గోడకున్న చెక్క అరల్లో ఊరందరి ఉత్తరాలు కూడా నడిరోడ్డు మీదే ఉన్నాయి. తప్పు మనది కాదు. నిజం చెప్పాలంటే ఆమెదీ కాదు. రోడ్డుది.

సోల్లి ఊరు మొత్తం లేచి రైలు దారి పక్కకు వెళ్ళిపోవాలని తీర్మానించుకున్న సంగతి చదువరులకు గుర్తుండే ఉంటుంది. సస్కాచెవాన్ మైదానాల్లో ఆ రోజుల్లో ఇదేమీ వింత కాదు. రైలు ఊరి దగ్గరికి రానంటే ఊరే రైలు దగ్గరికి పోయేది. ఇంటికింద రెండు పెద్ద దుంగలు దూర్చి, ముందు గుర్రాలు పూన్చి, మార్చి నెల మంచు గట్టిగా ఉండగానే జరజరా ఈడ్చుకుపోయేవాళ్ళు. అలా తొమ్మిది ఇళ్ళు దుంగలెక్కాయి. అన్నిటికంటే ముందు ఇరవై రెండు గుర్రాలతో రాగ్నమ్మ ఇల్లు కదిలింది, ఎందుకంటే ఆ ఇల్లే కొట్టు, ఆ ఇల్లే పోస్టాఫీసు. మూడు రోజుల్లో మూడు మైళ్ళు వచ్చారు. ఇంకో మూడు మైళ్ళు పోతే లోయ అంచు, ఆ అంచు వెంబడే రైలు. అంతలో మలుపొచ్చింది.

ఈ దేశంలో భూములు కొలిచినవాళ్ళు రోడ్లన్నీ తాడు పట్టి గీశారు. అయితే భూమి గుండ్రంగా ఉందట, ఉత్తరానికి పోయేకొద్దీ గీతలు దగ్గరికి జరిగిపోతాయట. అందుకని ఇరవై నాలుగు మైళ్ళకోసారి గీతను పక్కకు జరిపి మళ్ళీ మొదలుపెడతారు. దాంతో బుద్ధిగా పోతున్న రోడ్డు ఉన్నట్టుండి ఎడమకు తిరిగి, రెండు వందల గజాలు పోయి, మళ్ళీ కుడికి తిరుగుతుంది. బండి అయితే తిరిగిపోతుంది. ముప్ఫై రెండు అడుగుల ఇల్లు ఎలా తిరుగుతుంది? మూలకు అడ్డంగా పోదామని పక్కచేను కంచె పీకారు. ఇంటి ముందు సగం చేలోకి వెళ్ళింది, వెనక సగం రోడ్డు మీద ఉండిపోయింది, అక్కడికి ఆగిపోయింది. వెనకాల ఎనిమిది ఇళ్ళు పొగగొట్టాల్లోంచి పొగ వదులుతూ వరసగా నిలబడిపోయాయి.

ఆ చేను ఎవరిది? ఇంకెవరిది, డూగల్ రాట్రేది.

రాట్రే పొద్దుటినుంచీ బకెట్టు బోర్లించుకుని దాని మీద కూర్చున్నాడు. పొడుగ్గా, ఎండిపోయినట్టుండే స్కాట్లండు మనిషి. నోట్లో పైపు, ఒళ్ళో పీకేసిన కంచె మేకులు. ఒక్కో మేకూ తుడిచి జేబులో వేసుకుంటూ, రాగ్నమ్మ కిటికీ దగ్గర కనబడినప్పుడల్లా ఓ మాట విసురుతున్నాడు.

"ఏమ్మా పోస్టుమాస్టరూ! ఇవాళ్టినుంచి ఉత్తరాలు ఇంటికి తెచ్చిస్తున్నావా? ఇంటితో సహా నా చేలోకే వచ్చేశావు!"

"నీకు ఉత్తరాలు రాసే పుణ్యాత్ములెవరున్నారయ్యా? విత్తనాల కొట్టువాడు తప్ప!" అంది రాగ్నమ్మ కిటికీలోంచే, బంగాళాదుంప రొట్టె తిరగేస్తూ.

"పొద్దుగూకేలోగా ఖాళీ చెయ్యాలి. మంచు కింద నా రై పంట మొలక ఉంది. నీ ఇల్లు దాని నెత్తిన కూర్చుంది."

"మూడింటికల్లా పోతాం. నీ చేలో కాపరం పెట్టడానికి రాలేదులే."

"పోయి ఏం చేస్తావు? అక్కడికి రైలు రాదని నేను అప్పుడే మొత్తుకున్నాను. ఎవరు విన్నారు?"

రాగ్నమ్మ ఠక్కున కిటికీ మూసేసింది.

ఎవరూ వినకపోవడానికి కారణం ఆవిడే. పోయిన శరత్కాలంలో సర్కారువారి పటం తెప్పించి కొట్టు బల్ల మీద పరిచి, మొగుడి కళ్ళజోడు పెట్టుకుని ఊరందరికీ చదివి చెప్పింది. లోయ పక్కన ఓ గీత, గీతకు అడ్డంగా సన్నసన్నని గీతలు. "ఇదిగో పట్టాలు, ఇవిగో పట్టాల కింద దుంగలు" అంది. అందరూ తలో కప్పు కాఫీ తాగి జేకొట్టారు. కాదన్నది రాట్రే ఒక్కడే. ఎందుకు కాదో చెప్పమంటే, "మనిషి కోరుకున్న చోటికి రైలు రావడం నేను ఎప్పుడూ చూళ్ళేదు" అన్నాడు. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది రాగ్నమ్మే.

ఆమెకు ఆ పటం మీద ఇంకో మమకారం ఉంది. దాని మీద చీమ తలకాయంత చుక్క, చుక్క పక్కన 'సోల్లి' అని రెండక్షరాలు ఉన్నాయి. అది ఆమె మొగుడు ఐవిండ్ పేరు. తొమ్మిదేళ్ళ కిందట ఈ మైదానంలో మొదటి చెక్కిల్లు కట్టి మొదటి ఉత్తరం పంచింది అతనే కాబట్టి పోస్టాఫీసుకు అతని ఇంటిపేరు పెట్టారు. నాలుగేళ్ళ కిందట ఊపిరితిత్తులకు జ్వరం పట్టి పోయాడు. పిల్లలు లేరు. ఆ రెండక్షరాలు ఉన్నాయి. రైలు దూరంగా పోతే పోస్టాఫీసు మూతపడుతుంది, మూతపడిన పోస్టాఫీసు పేరు మరుసటి పటంలో ఉండదు. అలా మాయమైన ఊళ్ళు ఆ చుట్టుపక్కల అరడజను ఉన్నాయి. సోల్లి మాత్రం మాయం కాకూడదని రాగ్నమ్మ పంతం. ఈ ప్రయాణమంతా అందుకే.

మధ్యాహ్నం భోజనాలవేళ ఉత్తరంవైపు నుంచి ఒంటిగుర్రం బండి ఒకటి వచ్చింది. చక్రానికి దూరం కొలిచే గుండ్రటి ఇత్తడి పెట్టె కట్టి ఉంది. చక్రం తిరిగినప్పుడల్లా అది టిక్కుమంటోంది. బండిలోంచి పొట్టి మనిషొకాయన దిగి, దారికి అడ్డంగా ఉన్న ఇంటిని కిందినుంచి పైదాకా చూశాడు. తర్వాత చేతిలో పుస్తకం చూసుకున్నాడు. మళ్ళీ ఇంటిని చూశాడు.

"ఇక్కడ రోడ్డుండాలే!" అన్నాడు.

"ఉందండీ, మా ఇంటికింద ఉంది" అంది రాగ్నమ్మ తలుపు తీసి. "మీకేం కావాలి? ఉత్తరమా, ఉప్పా?"

"నేను హోరేస్ టిమ్మిన్సునమ్మా. సర్కారు కొలతల ఆఫీసు. పటం సరిదిద్దడానికి వచ్చాను."

రాగ్నమ్మ చేతిలో అట్లకాడ కిందపడింది. సాక్షాత్తూ పటం గీసే మనిషి గుమ్మంలో నిలబడ్డాడు! ఆయన కోటు ఊడబెరికినంత పనిచేసి లోపలికి లాక్కుపోయి, వేడివేడి కాఫీ పోసి, రొట్టె మీద వెన్న, వెన్న మీద పంచదార, దాని మీద మేకపాల జున్ను ముక్క పెట్టింది. ఆయన తింటూ ఇల్లంతా కలయజూశాడు. నేల ఓ పక్కకు ఒరిగి ఉంది. కాఫీ కప్పు దానంతటదే బల్ల మీద జారుతోంది.

"ఉత్తరంగా మూడు మైళ్ళ అవతల సోల్లి అనే ఊరుండాలి. వెళ్ళి చూస్తే తొమ్మిది గోతులు ఉన్నాయి" అన్నాడు టిమ్మిన్స్.

"అవి మా నేలమాళిగలు. ఊరు మేం తెచ్చేసుకున్నాం. లోయ అంచుకు పోతున్నాం, రైలు దగ్గరికి."

"ఏ రైలు?"

"అదేంటండీ, మీరు గీసిందే!" రాగ్నమ్మ గబగబా పటం తెచ్చి, జారిపోకుండా నాలుగు మూలలా నాలుగు బీన్సు డబ్బాలు పెట్టి, వేలితో చూపించింది. "ఇదిగో. ఇంత చక్కగా గీసి మీరే మరిచిపోతే ఎలా?"

టిమ్మిన్స్ జేబులోంచి భూతద్దం తీసి చాలాసేపు చూశాడు. తర్వాత భూతద్దం కింద పెట్టి, మూతి తుడుచుకుని, దగ్గాడు. చెడ్డ వార్త చెప్పబోయే డాక్టరు కూడా అలాగే దగ్గుతాడు.

"అమ్మా, రైలు దారికి అడ్డగీతలు రెండు వైపులా ఉంటాయి. వీటికి ఒక్కవైపే ఉన్నాయి."

"ఉంటే?"

"ఒక్కవైపే ఉంటే అది రైలు కాదు. నేల కోసుకుపోయిందని గుర్తు. ఇది లోయ అంచు."

"లోయ అంచునే కదండీ రైలు పోయేది!"

"రైలు లేదమ్మా. ఇది లోయ అంచే."

రాగ్నమ్మ ఆయన మొహంలోకి చూసింది, పటంలోకి చూసింది, మళ్ళీ ఆయన మొహంలోకి చూసింది.

"మరి లోయ ఏదీ?" అంది.

"ఇదేనమ్మా లోయ. ఇది కాక ఇంకో లోయ కనబడిందా మీకు?"

"కనబళ్ళేదు. గీయడం మరిచిపోయారనుకున్నాం. ఆఫీసుల్లో కూర్చుని గీసేవాళ్ళు, ఏదో ఒకటి మరిచిపోకుండా ఉంటారా అనుకున్నాం!"

టిమ్మిన్స్ మొహం ఎర్రబడింది. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఆయన్ని ఎవరూ ఇంత మాట అనలేదు. రాగ్నమ్మకు మాత్రం ఆయన మొహం కనిపించడం లేదు. తొమ్మిది ఇళ్ళు, ముసలీముతకా, పందులు, కోళ్ళు, అందరూ ఆమె వేలు పట్టుకుని లోయలోకి బయల్దేరారు. ఆ వేలు ఇంకా పటం మీదే ఉంది. చటుక్కున తీసేసింది.

"అయ్యా టిమ్మిన్సుగారూ" అంది గొంతు తగ్గించి. "ఒక్కవైపు గీతలు మీరు గీసేశారు కదా. ఆ రెండోవైపు కూడా గీసేద్దురూ. మీకేం పోయింది? ఇంకో రొట్టె పెడతాను."

"అమ్మా!" టిమ్మిన్స్ కుర్చీలోంచి లేచిపోయాడు. "నేను కళ్ళతో చూసిందే గీస్తాను. కంపెనీవాళ్ళు రైలు ఎటు పోవాలో ఇంకా తేల్చలేదు. నెలాఖరుకు నేను దిద్దిన పటం వాళ్ళ బల్ల మీదికి పోతుంది. ఊరెక్కడ ఉందో చూసి స్టేషను పెట్టుకుంటారు. ఇక మీ ఊరంటారా, నేను చూసిన చోట గోతులున్నాయి. అంచేత 'సోల్లి' కొట్టెయ్యాలి."

"కొట్టేస్తారా?" అంది రాగ్నమ్మ. "ఇదిగో ఈ ఇల్లుంది కదండీ! ఇదే పోస్టాఫీసు! మీరు కూర్చున్నది పోస్టాఫీసులోనే!"

"దుంగల మీద ఉన్నది సరుకు కింద లెక్క. ఇల్లు కింద కాదు. నేల మీద ఉండాలి. ఆ నేల యజమాని సరేనని నా ముందు చెప్పాలి. అప్పుడు చుక్క పెడతాను. ఇవాళ పెన్సిలుతో రాసింది ఇవాళే సిరాతో దిద్దడం మా పద్ధతి, సిరా పడ్డాక చెరపడం మాత్రం లేదు. ఇప్పుడు రెండయింది. నాలుగింటికి నేను బయల్దేరాలి."

అప్పుడే కిటికీ చప్పుడయింది. అద్దానికి అవతల రాట్రే ముక్కు కనిపించింది. రాగ్నమ్మ మెరుపులా రెండు రొట్టెలు తీసి పటం మీద పడేసింది, సరిగ్గా లోయ మీద.

"ఏంటమ్మా మంతనాలు?" అన్నాడు రాట్రే అద్దం అవతలినుంచి. "రైలు టైములు చెబుతున్నాడా ఆయన?"

"నీ పైపు కంపు లోపలికొస్తోంది, అవతలికి పో!"

రాట్రే పోయాడో లేదో, గుర్రాల పెద్ద నెల్స్ బ్రెక్కె తలుపు తోసుకుని వచ్చాడు. మీసాల మీద మంచు, మొహం నిండా సంబరం. "రాగ్నమ్మా, దారి దొరికింది! కంచె ఇంకో పది గజాలు పీకేశాం. గుర్రాలు పూన్చాను. నువ్వు ఊఁ అంటే చాలు, రేపు మధ్యాహ్నానికి రైలు దగ్గర కాఫీ తాగుతాం!"

'ఊఁ' అనడం ఎంత తేలిక! అనేస్తే ఇప్పటికి పరువు దక్కుతుంది. రేపు లోయ అంచున నిలబడి, అరెరె, రైలు ఇంకా రాలేదే అని అందరితోపాటు ఆశ్చర్యపోవచ్చు. టిమ్మిన్స్ అప్పటికి వెళ్ళిపోయి ఉంటాడు. ఎవరికీ తెలియదు. రాగ్నమ్మ నోరు తెరిచింది కూడా. కానీ బ్రెక్కె చేతులు కనిపించాయి. మూడు రోజులు కళ్ళేలు పట్టి అరచేతులు చీరుకుపోయి ఉన్నాయి, వాటికి గుడ్డపీలికలు చుట్టుకున్నాడు. ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"గుర్రాలు విప్పెయ్ బ్రెక్కె. అందర్నీ పిలువు" అంది.

గుమ్మంలో నిలబడితే అందరూ కనిపిస్తున్నారు, నలభై మంది దాకా. వెనకిళ్ళలోంచి ఆడవాళ్ళు కూడా కొప్పులకు గుడ్డలు చుట్టుకుంటూ వచ్చారు. రాట్రే బకెట్టు మీంచి లేవలేదు, పక్కకు తిరిగాడంతే. రాగ్నమ్మ కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుంది.

"చెప్పేది సూటిగా చెబుతాను. నేను పటం తప్పు చదివాను. నేను చూపించింది రైలు కాదు, లోయ అంచు. అక్కడ రైలు లేదు. తప్పు నాది."

బ్రెక్కె మెట్టు దగ్గరికి వచ్చాడు.

"అంచా?" అన్నాడు బ్రెక్కె.

"అంచే."

"మరి ఆ దుంగలు?"

"దుంగలు కావు బ్రెక్కె. ఇక్కడినుంచి జారిపడతావు జాగ్రత్త అని గుర్తట."

బ్రెక్కె టోపీ తీసి తల గోక్కున్నాడు. "నా గుర్రాలకు ఏం చెప్పను?" అన్నాడు నిజంగానే బాధపడుతూ. వెనక్కి లాగుదామని ఎవరో అంటే, మంచు మెత్తబడుతోందనీ, రెండు రోజుల్లో రోడ్డంతా బురదవుతుందనీ, తిరిగి లాగితే గుర్రాలు చస్తాయనీ ఖరాఖండీగా చెప్పేశాడు. ముందుకు పోతే లోయ, వెనక్కి పోతే గోతులు. అందరూ రాగ్నమ్మనే చూస్తున్నారు. ఆమె మాత్రం మెట్టు దిగి, మంచులో నాలుగడుగులు వేసి, రాట్రే ముందు నిలబడింది. జన్మలో చేస్తాననుకోని పని.

"రాట్రే, నీ మాటే నిజమయింది. మాకు ఇక్కడ దిగడం తప్ప దారి లేదు. దిగాలంటే నీ చేను కావాలి. ఇస్తావా?"

రాట్రే పైపు నోట్లోంచి తీశాడు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట కదిలింది, తర్వాత బకెట్టే కదిలింది. నవ్వాడు. మామూలు నవ్వా? పక్కనున్న గుర్రం చెవులు రిక్కించింది. ఆరు నెలలుగా దాచిపెట్టుకున్న నవ్వంతా ఒక్కసారి వదిలాడు. రాగ్నమ్మ చెంపలు మండిపోతున్నా కదలకుండా నిలబడింది. తప్పు తనది, నవ్వు అతని హక్కు. అయిపోయేదాకా ఆగుదామనుకుంది.

నవ్వు అయిపోయింది. రాట్రే కళ్ళు తుడుచుకున్నాడు. ఇంకా తుడుచుకుంటూనే ఉన్నాడు. అవి నవ్వు నీళ్ళు కావని రాగ్నమ్మకు కాసేపటికి గాని అర్థం కాలేదు.

"ఇస్తాను. ఈ మూలంతా ఇస్తాను" అన్నాడు. "ఒక్కటే షరతు. పటంలో ఊరికి ఐల్సా అని పేరు పెట్టాలి."

చేను చివర నాలుగు తెల్ల కర్రల మధ్య ఎవరున్నారో అందరికీ తెలుసు. రాట్రే పెళ్ళాం ఐల్సా. ఈ మైదానంలో మొదటి చలికాలంలోనే, ఇరవై ఆరేళ్ళకే పోయింది. ఆ రోజు నేల గడ్డకట్టి పలుగు దిగకపోతే, ఐవిండ్ సోల్లే రెండు రోజులు గడ్డి మంట వేసి, నేల మెత్తబరిచి, గొయ్యి తవ్వాడు.

"చుట్టూ ఒక్క ఇల్లు లేదని ఏడ్చేది" అన్నాడు రాట్రే బూట్ల వంక చూస్తూ. "ఓ దీపమైనా కనిపిస్తే బాగుండునే డూగల్ అనేది. తొమ్మిదేళ్ళయింది. నేనొక్కణ్ణే ఆ దీపం పెడుతున్నాను. ఊరు లోయ అంచుకు దిగిపోతే దాని దీపాలు ఇటు కనబడవు, అందుకే వద్దన్నాను. రైలూ లేదు, గీలూ లేదు. రైలు సంగతి నాకేం తెలుసు?"

రాగ్నమ్మకు ఒళ్ళు మండింది, జాలేసింది, రెండూ ఒకేసారి. ఆ మాట అప్పుడే చెప్పి ఏడవచ్చు కదా! ఒప్పుకుంటే ఊరు నిలబడుతుంది, ఐవిండ్ పేరు పోతుంది. ఒప్పుకోకపోతే పేరూ పోతుంది, ఊరూ పోతుంది. లెక్క తేలికే. కానీ మనసు లెక్కకు లొంగితే కదా? ఐవిండ్ మీద కోపమొచ్చింది. చచ్చిపోయి హాయిగా పడుకున్నావు, నీ పేరు నా చేత్తోనే చెరిపిస్తున్నావు అనుకుంది. ఆ మంట వేసిన రెండు రోజులూ అతను ఇంటికొచ్చి ఏమీ తినకపోవడం గుర్తొచ్చింది. ఇప్పుడు అతన్నే అడిగితే ఏమంటాడో ఆమెకు తెలుసు. తెలుసు కాబట్టే ఇంకా ఏడుపొచ్చింది.

"టిమ్మిన్సుగారూ, ఐల్సా అని రాసుకోండి" అంది.

అంతే, ఎక్కడలేని హడావుడీ మొదలయింది. గుర్రాలతో ఇంటిని మొత్తంగా చేలోకి లాగి, పది మంది ఇంటికింద గడలు దూర్చి ఎత్తారు. బ్రెక్కె ఆ రెండు దుంగలూ బయటికి లాగించి, మళ్ళీ ఎవరూ మనసు మార్చుకోకుండా అక్కడికక్కడే రంపంతో కోయించి, ఆ ముక్కలే ఇంటికింద దిమ్మలుగా పెట్టించాడు. ఇల్లు ధబ్బుమని కూర్చుంది. లోపల అరల్లోంచి ఉత్తరాలన్నీ కురిశాయి, బీన్సు డబ్బాలు దొర్లాయి. పొయ్యి గొట్టం ఊడి టిమ్మిన్స్ టోపీ నిండా మసి రాల్చింది. ఆయన అదేమీ పట్టించుకోకుండా బల్ల మీద తన పటం పరుచుకుని, నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, పాతచోట 'సోల్లి' మీద సన్నగీత గీశాడు. మలుపు దగ్గర చుక్క పెట్టి 'ఐల్సా' అని రాశాడు. రాట్రే ఆయన భుజం మీంచి వంగి చూస్తూ పైపు వెలిగించుకోవడం కూడా మరిచిపోయాడు.

"ఇంకొక్కటమ్మా" అన్నాడు టిమ్మిన్స్, మొహమాటంగా. "ఆ లోయకు పటంలో పేరు లేదు. మీరు ఒప్పుకుంటే, సోల్లి లోయ అని రాస్తాను."

రాగ్నమ్మ తెల్లబోయింది. "నేను రైలు పట్టాలనుకున్న లోయకా, మా ఆయన పేరు?"

"అది అంత తొందరగా ఎక్కడికీ పోదమ్మా. ఊళ్ళు కదులుతాయి గాని" అన్నాడాయన. ఈసారి దగ్గలేదు.

రాగ్నమ్మకు నవ్వొచ్చింది. ఏడుస్తూనే పడీపడీ నవ్వింది. "రాయండి! ఆయనకు ఇలాంటివంటే సరదా. రాసెయ్యండి!" అంది. టిమ్మిన్స్ ఆ దంతాల గీత పక్కన 'సోల్లి లోయ' అని అందంగా వంపులు తిప్పి రాసి, అద్దుడు కాగితం ఒత్తి, సిరాబుడ్డికి బిరడా పెట్టేశాడు. రాట్రే తనంతట తనే అల్మరాలోంచి కప్పు తీసుకుని కాఫీ పోసుకున్నాడు. ఆరు నెలల్లో అదే మొదటిసారి. రాగ్నమ్మ చూసి కూడా ఊరుకుంది.

సరిగ్గా అప్పుడు దక్షిణం దిక్కునుంచి గుర్రం డెక్కల చప్పుడు వినిపించింది. జీను లేని గుర్రం మీద పరాస్కా, కమ్మరి హ్రింకో పెళ్ళాం. కొలిమి ముందుగా పెట్టుకుందామని మొగుడూ పెళ్ళాలు నిన్ననే లోయ దగ్గరికి వెళ్ళిపోయారు. వాళ్ళను వెనక్కి పిలవాలన్న సంగతి ఈ గొడవలో ఎవరికీ తోచనే లేదు. పరాస్కా గుర్రం ఆగకముందే దూకేసి, తలగుడ్డ జారిపోతుంటే పట్టుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"అక్కా! రాగ్నక్కా! నీ నోట్లో చక్కెర పోయ! ఇంకా ఇక్కడే కూర్చున్నారేంటి, రండి, రండి! వచ్చేశారు!"

"ఎవరొచ్చారే?"

"కంపెనీవాళ్ళు! ముప్ఫై మంది! గుడారాలు, ఎర్రజెండాలు, ఈ పొడుగు గొలుసులు! లోయ అడుగున జెండాలు పాతుకుంటూ పోతున్నారు. కింద ఏటి ఒడ్డునుంచి పైకెక్కాలంటే రైలుకు ఆ లోయ తప్ప వేరే దారి లేదంట! పొద్దుటినుంచి మా ఆయన వాళ్ళ పలుగులకే పదును పెడుతున్నాడు. పట్నంనుంచి నిన్ననే ఆర్డరొచ్చిందంట!"

"నాతో ఒక్క మాటైనా చెప్పకుండా!" అన్నాడు టిమ్మిన్స్, మసిటోపీ చేత్తో పట్టుకుని.

బ్రెక్కె గుమ్మంలోంచి వంగి, ఇంటికింద కోసి పెట్టిన దిమ్మల వంక చూశాడు.

"ఇంకా విను అక్కా" అంది పరాస్కా ఊపిరి తీసుకుని. "లోయ తల దగ్గర స్టేషను కడతారంట. ఇంజనీరు దొర నన్నే అడిగాడు, ఈ చోటికి పేరేంటమ్మా అని. పేరేం లేదండీ, లోయ అంటాం అన్నాను. అయితే సర్కారు పటం మీద ఏ పేరుంటే స్టేషనుకు అదే పేరు పెడతాం అన్నాడు. పటాలాయన ఇటే వచ్చాడని తెలిసింది. ఆయన్ని ఇప్పుడే పటంతో సహా పట్టుకు రమ్మన్నాడు!"

స్టేషను పేరు సోల్లి. స్టేషను లేని ఊరి పేరు ఐల్సా. రెండింటికీ మధ్య మూడు మైళ్ళు. టిమ్మిన్స్ లేచి పటం చుట్టబోయాడు. చుట్టడం కుదరలేదు. ఒక కొస రాగ్నమ్మ చేతిలో ఉంది, రెండో కొస డూగల్ రాట్రే చేతిలో ఉంది.